రాలేదేమని అడిగేవాళ్ళు

అండమాన్ ద్వీపాల పిల్లలకు చదువు చెప్పిన మాస్టారి పేరు మీద ఆయన శిష్యులు నిలబెట్టిన నిధి ఏటా ఇప్పించే ఉపన్యాసానికి శ్రీవిజయపురం వచ్చాను. 2024 సెప్టెంబరులో ఈ ఊరికి కొత్త పేరు వచ్చింది. మాస్టారి రోజుల సంగతి వచ్చినప్పుడు మాత్రం పోర్ట్ బ్లెయిర్ అనే అంటాను.

నేను మాస్టారి దగ్గర చదువుకోలేదు. విశాఖపట్నంలో కళాశాల అధ్యాపకుడిగా పనిచేస్తూ చాలాకాలం హాస్టల్ వార్డెన్‌గా ఉన్నాను. ఆయన నాకు తెలిసింది ఉత్తరాల ద్వారానే. అవి కూడా నాకు రాసినవి కావు. మా హాస్టల్లో ఉండే ద్వీపాల పిల్లలకు రాసినవి. పిల్లలే తెచ్చి చూపించేవారు, ఎందుకంటే వాటిలో వాళ్ళు ఒంటరిగా చెయ్యలేని పనులుండేవి. క్షేమ సమాచారం రెండు వాక్యాలు దాటేది కాదు. మిగతాదంతా పని. ఫలానా నిఘంటువు పూర్ణా మార్కెట్ వైపు కొట్లలో దొరుకుతుందేమో చూసి ధర రాయి. ఫిషింగ్ హార్బరుకు వెళ్ళి, మన జంగ్లీఘాట్‌లో అమ్మే చేపల్ని అక్కడ ఏ పేర్లతో పిలుస్తున్నారో కనుక్కో. నీ పక్క గది కుర్రాడి ఊళ్ళో సంక్రాంతి ఎలా చేస్తారో అడిగి రాయి. ఇదేం మాస్టారండీ అని పిల్లలు మొదట్లో విసుక్కునేవారు. కాని మాస్టారు అడిగితే చెయ్యకుండా ఉండలేరు. హార్బరుకు పోయి చేపల పేర్లు అడిగిన కుర్రాడు అక్కడ నలుగురితో మాట్లాడి తీరాలి. పక్క గదివాడి సంక్రాంతి రాయాలంటే వాడి పక్కన కూర్చోవాలి. ఊరు కాని ఊరికి పంపిన పిల్లవాడికి ఓదార్పుతో పాటు ఒక పని కూడా కావాలని మాస్టారికి ఎవరు చెప్పారో తెలియదు. చెప్పకుండానే తెలిసి ఉంటుంది. ఆయన కూడా శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చినవారే కదా.

ఈ రోజు నేను ఎంచుకున్న విషయం అదే. చదువు కోసం ఇల్లు వదిలిన పిల్లల మనసుకు తగిలే దెబ్బ, దానికి అండగా నిలిచే మనుషులు. మరీ ముఖ్యంగా, ఈ ద్వీపాల నుంచి తెలుగు నేలకు చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లల సంగతి. నికోబారీ అమ్మాయి విశాఖ వస్తే ఆమెకు కొత్తగా ఉంటుందని అందరికీ తెలుసు. అధ్యాపకులు నెమ్మదిగా మాట్లాడతారు, తోటి పిల్లలు దారి చూపిస్తారు. తెలుగు కుర్రాడు వస్తే అలా ఎవరూ అనుకోరు. మన పిల్లాడే, మన ఊరికే వచ్చాడు, వీడికేం ఇబ్బంది అనుకుంటారు. కన్నవాళ్ళదీ అదే ధైర్యం. నేను చూసినంతలో ఎక్కువగా నలిగిపోయింది ఆ పిల్లలే. ఇబ్బంది ఉండదని అందరూ అనుకున్నచోట ఇబ్బంది పడేవాడు, తప్పు తనలోనే ఉందనుకుంటాడు.

2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల జనం 3,80,581. వారిలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు నూటికి సుమారు పదమూడు మంది. ఎక్కువ కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీర గ్రామాల్లో ఉన్నాయి. వేటకు వచ్చినవాళ్ళు, కట్టుబడి పనులకు వచ్చినవాళ్ళు, ప్రభుత్వ శాఖల్లో చేరినవాళ్ళు. మొదటి తరానికి చదువు అంటే ఇక్కడి బడి వరకే. జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం అనే ప్రభుత్వ కళాశాల 1967లో వచ్చేదాకా డిగ్రీ కావాలంటే ఓడ ఎక్కవలసిందే. 1984లో పాలిటెక్నిక్, 1990లో మాయాబందర్‌లో మహాత్మాగాంధీ కళాశాల, 2015లో వైద్య కళాశాల వచ్చాయి. అయినా పిల్లలు వెళ్తూనే ఉన్నారు. కోరుకున్న కోర్సు ఇక్కడ లేకపోవచ్చు, సీటు అక్కడ వచ్చి ఉండవచ్చు, పెద్ద ఊరు చూడాలన్న కోరిక ఉండవచ్చు. ఆ కోరిక తప్పు కాదు.

వెళ్ళే దారిని గురించి ఒక మాట చెప్పాలి. విశాఖకు నెలకు దాదాపు ఒకే ఓడ. హడ్డో వార్ఫ్‌లో ఎక్కితే సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు, మూడు రోజుల ప్రయాణం. బంక్ క్లాసులో ఒకరి మీద ఒకరుగా పడకలు, డీజిలు వాసన, క్యాంటీన్ ముందు వరస. తీరం కనుమరుగయ్యాక ఫోనుకు సిగ్నల్ ఉండదు. ఈ ప్రయాణం కష్టమని మీరు పిల్లల్ని విమానంలో పంపుతున్నారు, అది సహజమే. చెన్నైకి రెండు గంటల చిల్లర. కాని ఆ మూడు రోజుల్లో ఏం జరిగేదో నేను పిల్లల నోట చాలాసార్లు విన్నాను. మూడో ఏడు చదివే కుర్రాడు మొదటి ఏడు పిల్లవాడికి డెక్ మీద కూర్చోబెట్టి చెప్పేవాడు. ఏ అధ్యాపకుడు మంచివాడు, ఏ మెస్సులో కడుపు నిండుతుంది, ఆటోవాడు ఎంత అడిగితే ఎంత ఇవ్వాలి, ర్యాగింగ్ చేస్తే ఎవరితో చెప్పాలి. ఓడ దిగేసరికి ఆ పిల్లవాడికి విశాఖలో పేరు పెట్టి పిలిచే మనిషి ఒకడైనా ఉండేవాడు. విమానంలో వచ్చిన పిల్లవాడు పొద్దున అమ్మ చేతి ముద్ద తిని, సాయంత్రానికి ఎవరూ తెలియని గదిలో పెట్టె దించుకుంటాడు. ఓడ ప్రయాణాన్ని తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. అది ఇచ్చిన మూడు రోజుల తోడును మరోలా ఏర్పాటు చెయ్యాలంటున్నాను.

ఇక దిగిన తర్వాత సంగతి. ద్వీపాల్లో పుట్టిన తెలుగు పిల్లల మాట నాకు చాలా ఇష్టం. తాతల నాటి ఉత్తరాంధ్ర యాస చెక్కుచెదరకుండా ఉంటుంది, మధ్యమధ్య హిందీ వచ్చి కలుస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో అది అందరి మాట. విశాఖలో ఇంటర్ రెండేళ్ళు కార్పొరేట్ కాలేజీలో చదివి వచ్చిన పిల్లల మధ్య అది ముసలివాళ్ళ మాట, కూలివాళ్ళ మాట. నవ్వుతారు. ఇంగ్లీషు మాధ్యమంలోనో హిందీ మాధ్యమంలోనో చదివినవాళ్ళకు తెలుగు గలగలా వచ్చు, చదవడం రాదు. బస్సు బోర్డు దగ్గర నిలబడి ఎవర్నైనా అడిగితే, తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేకపోవడమేమిటన్నట్టు చూస్తారు. ఇక్కడి తెలుగు మాధ్యమ బడిలో చక్కగా చదువుకుని వచ్చినవాడికి చదవడం వచ్చు, క్లాసులో ఇంగ్లీషు పాఠం అర్థం కాదు. ఎటు నుంచి వచ్చినా ఒక అవమానం కాచుకుని ఉంటుంది.

ఆ పైన ప్రశ్నలు. మీ ఇంటికి అడవిలో ఉండే జారవాలు వస్తారా, అక్కడ కరెంటు ఉందా, మీ తాత ఏం నేరం చేసి వెళ్ళాడు. ఈ చివరి ప్రశ్న అడిగినవాళ్ళకు తమాషా. అడిగించుకున్నవాడి తాత వల పట్టుకుని బతకడానికి వచ్చినవాడు, ఏ నేరమూ చెయ్యనివాడు. మన తెలుగు పిల్లలకు అండమాన్ అంటే సెల్యులార్ జైలు తప్ప మరొకటి తెలియదు. తెలిసిన ఆ జైలు చరిత్ర కూడా సగమే. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర ఇక్కడ శిక్ష అనుభవించి వెళ్ళి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అదే లోక్‌సభకు ఈ ద్వీపాల తరఫున నామినేట్ అయినవారు కార్ నికోబార్‌కు చెందిన జాన్ రిచర్డ్‌సన్. ఈ ద్వీపాలకు ఖైదీగా వచ్చిన మన్యం మనిషి, ఈ ద్వీపాల్లో పుట్టిన మనిషి ఒకే సభలో కూర్చున్నారు. ఈ సంగతి విశాఖ కాలేజీల్లో ఎవరైనా చెబితే బాగుండును.

రిచర్డ్‌సన్ సంగతి ఈ సభలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆయన కూడా సముద్రం దాటి చదువుకున్న పిల్లవాడే. కార్ నికోబార్‌లో పనిచేసిన వేదప్పన్ సాలమన్ అనే తమిళ ప్రబోధకుడు ఆయన్ని చిన్నతనంలోనే బర్మాలోని మాండలే మిషన్ బడికి పంపించాడు. భాష తెలియని దేశం, ఎరగని తిండి, ఇంటి కబురు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేని కాలం. 1912లో తిరిగి వచ్చి తన దీవిలో పిల్లలకు చదువు చెప్పారు, నికోబారీ భాషలోకి బైబిలును తెచ్చారు, బిషప్ అయ్యారు. అంత గొప్ప జీవితాన్ని చూసి, చదువు కోసం దూరం పంపితే పిల్లలు రాటుదేలుతారనే నిర్ణయానికి రావద్దని నా మనవి. అలా వెళ్ళి నిలబడినవాళ్ళ పేర్లే చరిత్రలో ఉంటాయి. మధ్యలో తిరిగి వచ్చేసినవాళ్ళ పేర్లు ఉండవు. వార్డెన్‌గా నేను ఆ రెండో రకం పిల్లల పెట్టెలు కూడా సర్దించాను.

ఇంకొక ప్రశ్న ఉంది. దాన్ని పిల్లలు నాతో ఎప్పుడూ నేరుగా చెప్పలేదు, చుట్టూ తిప్పి చెప్పేవారు. మీరేటోళ్ళు, అంటే ఏ కులం? అండమాన్‌లో కులం లేదని నేననను. మన తెలుగు కుటుంబాల పెళ్ళిళ్ళు చూసినవాళ్ళెవరూ అనలేరు. కాని బడిలో మన పిల్లవాడి పక్కన కూర్చునే బెంగాలీ పిల్లవాడికి, రాంచీవాళ్ళ అమ్మాయికి, మలయాళీ కుర్రాడికి మన ఇంటిపేరులో కులం కనపడదు. పన్నెండేళ్ళు అలా కూర్చుని వచ్చిన పిల్లవాడికి హాస్టల్లో మొదటి వారంలోనే ఇంటిపేరు తూకం వేసేవాళ్ళు ఎదురవుతారు. కొందరికి ఆ తూకం వల్ల జట్టు దొరుకుతుంది, కొందరికి దూరం మిగులుతుంది. ఒక మత్స్యకార కుటుంబం అబ్బాయి తన పెట్టెలో అమ్మ కట్టి పంపిన ఎండు చేపల పొట్లాన్ని సెమిస్టర్ అంతా విప్పలేదు. వాసన వస్తే ఏమంటారోనని. చివరికి నేనే వాడిని మా ఇంటికి తీసుకుపోయి వండించాను. ఆ రోజు వాడు తిన్న తిండి నాకు గుర్తుంది.

చదువుకోవడానికి వచ్చిన పిల్లవాడిని నిలబెట్టే పద్ధతులు తెలుగు నేలకు కొత్త కావు. మన పెద్దల్లో ఎంతమంది వారాలు చేసుకుని చదువుకోలేదు? సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఒక ఇల్లు. అందులో చిన్నతనం ఉంది, గిన్నె ముందు ఎదురుచూడటం ఉంది, కులం గడప ఉంది. ఆ అన్నం అందరికీ దొరికేది కాదు. వాటన్నిటినీ నేను మరిచిపోలేదు. అయినా ఆ ఏర్పాటులో ఒక గొప్ప బలం ఉండేది. ఆ పిల్లవాడు ఒక పూట రాకపోతే, ఇవాళ అబ్బాయి రాలేదేమని అడిగే ఇళ్ళు ఊళ్ళో ఏడు ఉండేవి. జ్వరం వస్తే సాయంత్రంలోగా ఎవరికో ఒకరికి తెలిసేది. తర్వాత వచ్చిన హాస్టళ్ళు, 1918లో హైదరాబాదులో వెలసిన రెడ్డి హాస్టల్ వంటివి, పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు నగరంలో చోటు, తమ వాళ్ళ తోడు ఇచ్చాయి. అవి ఎక్కువగా కులాల వారీగా, సంఘాల వారీగా నిలబడ్డాయి. ద్వీపం నుంచి వచ్చిన పిల్లవాడు ఏ సంఘం జాబితాలోనూ ఉండడు. ఇవాళ మూడు వందల మంది ఉండే హాస్టల్లో ఒక పిల్లవాడు రెండు రోజులు భోజనానికి దిగకపోతే కనుక్కునేది ఎవరు? బయోమెట్రిక్ యంత్రం కనిపెడుతుంది, ఇంటికి మెసేజ్ పంపుతుంది. తలుపు తట్టదు.

మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు ఈ విషయం మీద చాలా పని చేశారు. నార్వే సామాజిక శాస్త్రవేత్త లీస్‌గార్డ్ 1955లో, అమెరికాకు చదువుల మీద వెళ్ళి వచ్చిన రెండు వందల మందికి పైగా నార్వే వాళ్ళను పరిశీలించి ఒక సంగతి చెప్పాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్ళు బాగానే ఉన్నారు, ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఉన్నవాళ్ళు దిగులుగా ఉన్నారు, ఆ పైన ఉన్నవాళ్ళు మళ్ళీ కుదురుకున్నారు. మొదట సంబరం, తర్వాత దిగులు, ఆపైన కుదుట అనే ఈ లెక్క చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో నడిచింది. 1998లో కొలీన్ వార్డ్, ఆమె సహచరులు న్యూజీలాండ్‌లో చదివే జపాన్ విద్యార్థుల్ని మొదటి రోజుల నుంచి వెంబడించి చూస్తే వేరే సంగతి తేలింది. బాధ అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది దిగిన కొత్తలోనే. నా అనుభవం వార్డ్ వైపే మొగ్గుతుంది. అబ్బాయి వెళ్ళి వారమే కదా, అలవాటు పడనివ్వండి అంటాం. ఆ మొదటి వారాలే అన్నిటికంటే ప్రమాదమైనవి. మొదటి అంతర్గత పరీక్షల్లో తప్పిన తర్వాత కనుక్కుంటే చాలా ఆలస్యమైనట్టే.

ఇంకొక పరిశోధన మన ప్రశ్నకు మరీ దగ్గరగా ఉంటుంది. హవాయి విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల స్నేహాల్ని బాక్నర్, మరి ఇద్దరు 1977లో పరిశీలించారు. విద్యార్థికి మూడు రకాల స్నేహాలుంటాయన్నారు. సొంత దేశం వాళ్ళతో మనసు విప్పుకుంటాడు. స్థానికులతో చదువు పనులు, ఆ ఊరి పనులు నెరవేర్చుకుంటాడు. ఇతర దేశాల నుంచి వచ్చిన తనలాంటి వాళ్ళతో కాలక్షేపం చేస్తాడు. మూడింటికీ దేని పని దానిది. మా హాస్టల్లో ద్వీపాల పిల్లలకు మూడోదీ, మొదటిదీ దొరికేవి. అండమాన్ తమిళ కుర్రాడు, అండమాన్ బెంగాలీ కుర్రాడు, అండమాన్ తెలుగు కుర్రాడు ఒకే గదిలో చేరి హిందీలో కబుర్లు చెప్పుకునేవారు. వాళ్ళకు ఇల్లు అంటే ఆ గదే. రెండో రకం, అంటే స్థానికులతో స్నేహం, అదే కుదిరేది కాదు. కుదరాలని ఎవరూ ప్రయత్నించేవారూ కాదు, వాళ్ళు ఎలాగూ తెలుగువాళ్ళే కదా అని.

దేశం కాని దేశంలో దిగులుపడి నిలదొక్కుకున్న విద్యార్థిగా గాంధీగారిని తలుచుకుంటాం. 1888లో లండన్ వెళ్ళిన కొత్తలో రాత్రిళ్ళు ఇల్లు తలుచుకుని ఏడ్చేవారని ఆయనే రాసుకున్నారు. ఆయన్ని నిలబెట్టింది ఏమిటని చూస్తే, మొదట కడుపు నిండా తినగల ఒక శాకాహార భోజనశాల దొరికింది. ఆ తర్వాత లండన్ శాకాహార సంఘం ఆయన్ని కార్యవర్గంలో చేర్చుకుంది. మాట పెగలని బిడియస్తుడికి ఆ ఊరివాళ్ళు ఒక కుర్చీ ఇచ్చారు, ఒక పని ఇచ్చారు. ఆయన లండన్‌కు చెందిన మనిషి అయింది అప్పుడు.

ఇప్పుడు ఫోను మాట. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి ఈ ద్వీపాలకు సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్లు. అంతకు ముందు ఉపగ్రహం మీద ఆధారపడిన ఇంటర్నెట్‌తో మీరు పడ్డ అవస్థ నాకు తెలుసు. ఇప్పుడు అమ్మ రోజూ రాత్రి వీడియోలో కనిపిస్తుంది. తిన్నావా బాబూ, ఏటి కూర అని అడుగుతుంది. పిల్లవాడు బంగాళాదుంప అంటాడు. ఆ పూట వాడు మెస్సుకే వెళ్ళి ఉండడు. కూర పేరుతో సహా కల్పించి చెప్పడం ఆ పిల్లలకు ఎంత తొందరగా అలవాటవుతుందో చూసి నాకు కడుపు తరుక్కుపోయేది. అబద్ధమాడాలని కాదు. అమ్మ అంత దూరాన ఉండి ఏం చెయ్యగలదు, చెబితే నిద్రపోదు, అందుకని. రోజూ గంటసేపు ఇంటితో మాట్లాడే పిల్లవాడు పక్క గది తలుపు తట్టవలసిన అవసరం కనపడక కూర్చుండిపోవడం కూడా నేను చూశాను. ఫోను మానెయ్యమని చెప్పను. మీరు అడిగే ప్రశ్న ఒకటి మార్చండి. తిన్నావా అని కాక, ఎవరితో కలిసి తిన్నావు అని అడగండి. వాడు ఒక పేరు చెప్పలేకపోతే, మర్నాడు వార్డెన్‌కు ఫోను చెయ్యండి. మొహమాటపడకండి.

పక్కన నిలిచే మనిషి, చేతికి ఒక పని ఏం చెయ్యగలవో నేను ఒకసారి కళ్ళారా చూశాను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన నాడు మా హాస్టల్లో కార్ నికోబార్ కుర్రాడు ఒకడు ఉన్నాడు. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్ళలేకపోయినవాడు. ఫోన్లు లేవు, కబురు లేదు. ఎవరు మిగిలారో తెలియకుండా రోజులు గడిచాయి. మేమంతా వాడి చుట్టూ చేరి ధైర్యం చెప్పాం. వాడు ఒక్క మాట మాట్లాడలేదు. మా వంటవాడు సోంపేట వైపు మనిషి, పెద్ద చదువు లేనివాడు. మూడో రోజు తెల్లవారుజామున వచ్చి, ఒరేయ్, ఇవాళ కుర్రాడు రాలేదురా, ఉల్లిపాయలు తరగాల, రా అని వాడి చెయ్యి పట్టుకుని వంటశాలకు తీసుకుపోయాడు. వాడు ఆ పూట ఒక బస్తా ఉల్లిపాయలు తరిగాడు. ఆ కన్నీళ్ళు ఎందుకు వస్తున్నాయో ఎవరికీ చెప్పుకోనక్కరలేకుండా ఏడ్చాడు. తర్వాత కబురు వచ్చేదాకా రోజూ నాలుగు గంటలకు వంటశాలలోనే ఉండేవాడు. ఆలస్యమైతే వంటవాడే వెళ్ళి లేపేవాడు. సామాజిక ఆసరా గురించి నేను చదివిన వ్యాసాలన్నిటి కంటే ఆ మనిషి చేసిందే నాకు ఎక్కువ నేర్పింది.

చట్టం కూడా ఇప్పుడు కాస్త కదిలింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ మరణించిన పశ్చిమ బెంగాల్ అమ్మాయి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ఈ నంబరు మీ పిల్లల ఫోనులో ఉండాలి, మీ ఫోనులో కూడా. బతుకు మీద విరక్తి మాటలు వినపడితే ఆసరా, స్నేహం అంటూ ఆగకుండా వైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలి. కాని నిపుణుడి దగ్గరకు చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళే మనిషి ముందు ఉండాలి. ఆ పిల్లవాడు గదిలోంచి రాలేదని తెలిసిన మనిషి.

అటువంటి మనిషిని ఏర్పాటు చెయ్యడం డబ్బుతో పని కాదు, చాలావరకు తీరికతో పని. పన్నెండో తరగతి పరీక్షలైన తర్వాత, సీట్లు వచ్చేలోపు మన బడుల్లో పిల్లలకు ఖాళీ నెలలుంటాయి. సెలవులకు వచ్చిన సీనియర్లను ఆ నెలల్లో కూర్చోబెట్టి, ఒకప్పుడు డెక్ మీద చెప్పిన మాటలన్నీ ఇక్కడే చెప్పించవచ్చు. నవ్వుతారు, కులం అడుగుతారు, జైలు మాట ఎత్తుతారు అని ముందే తెలిసిన పిల్లవాడికి ఆ రోజు వచ్చినప్పుడు తప్పు తనలో లేదని తెలుస్తుంది. తెలుగు చదవడం రాని పిల్లలకు ఆ నెలల్లో అక్షరాలు నేర్పించవచ్చు. మాస్టారి శిష్యులు ఇంతమంది ఉన్నారు, అది వారికి కష్టమైన పని కాదు. విశాఖలో నావంటి ముసలివాళ్ళం ఉన్నాం. మా పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్నారు. మధ్యాహ్నం పూట ఇద్దరికి వండుకుని కూర్చునే ఇళ్ళు ఎంవీపీ కాలనీలో వీధికి పది ఉంటాయి. ప్రతి ఆదివారం ఒక పిల్లవాడిని భోజనానికి పిలవడం మాకు భారం కాదు. ఊరికే పిలిస్తే పిల్లవాడు మొహమాటపడతాడు. బ్యాంకు యాప్ నేర్పమనో, మందుల షాపుకు తోడు రమ్మనో, ఏదో ఒక పని చెప్పి పిలవాలి. కులం అడగని ఇళ్ళనే ఆ జాబితాలో చేర్చాలి. ఈ నియమం విషయంలో నేను పట్టుబడతాను.

చివరిగా నిధి నిర్వాహకులకు ఒక విన్నపం. ఏటా ఈ ఉపన్యాసం అచ్చు వేయించడానికి, వక్తను పిలిపించడానికి నిధి వడ్డీ ఖర్చవుతోంది. వక్తగా నాకు ఇచ్చిన దారి ఖర్చులు నేను తిరిగి ఇచ్చేస్తున్నాను. దాన్ని మరో పనికి మొదటి చందాగా తీసుకోండి. దసరాకు, సంక్రాంతికి విశాఖ హాస్టళ్ళు ఖాళీ అవుతాయి. పలాస పిల్లవాడు మధ్యాహ్నం రైలెక్కి రాత్రికి ఇల్లు చేరతాడు, మెస్సు మూసేస్తారు. ద్వీపాల పిల్లవాడికి ఆ తేదీలకు ఓడ ఉండదు, పండగ రోజుల విమానం టిక్కెట్టు వాడి తండ్రి కొనలేడు. తాళాలు వేసిన గదుల మధ్య ఆ పది రోజులు బిస్కెట్లతో గడిపిన పిల్లలు నాకు తెలుసు. ఒక వంటమనిషిని పెట్టి, ఏదో ఒక హాస్టల్లో ఆ సెలవుల్లో పొయ్యి వెలిగించడానికి పెద్ద మొత్తం అవసరం లేదు. నికోబారీ, బెంగాలీ, తమిళ పిల్లలు ఎవరు మిగిలితే వాళ్ళందరూ అక్కడే తింటారు. కూరలు తేవడం, లెక్క రాయడం పిల్లలకే అప్పగిద్దాం. స్థలం మాట్లాడే బాధ్యత, వంటమనిషిని కుదిర్చే బాధ్యత నాది. వచ్చే దసరాకు విశాఖలో ఉండబోయే పిల్లల పేర్లు, వాళ్ళ హాస్టళ్ళు, ఒక ఫోను నంబరు ఈ సభ ముగిసేలోగా తల్లిదండ్రులు ఆ బల్ల దగ్గర రాయించి వెళ్ళండి.